ఎక్స్‌పోర్టిన్-1 యాంటీబాడీ కొత్త లాట్‌పై ఫిర్యాదు

నల్లగొండ

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

అయ్యా,

కేంద్రకం నుంచి ప్రోటీన్లను బయటికి చేరవేసే ఎక్స్‌పోర్టిన్-1, అంటే సీఆర్ఎం1ను గుర్తించడానికి మీరు పంపిన కుందేలు పాలీక్లోనల్ (కుందేలు సీరం నుంచి తీసిన) యాంటీబాడీ కొత్త లాట్ పనికిరావడం లేదు. వెస్టర్న్ బ్లాట్‌లో ఒక్క బ్యాండ్ రావాల్సింది రెండు వస్తున్నాయి. ‘డైల్యూషన్ మార్చి చూడండి’ అన్న మీ ఒక్క లైను జవాబుతో ఇది తీరేది కాదు. పలచన చేస్తే రెండు బ్యాండ్లూ కలిసే తగ్గుతున్నాయి.

ఈ ప్రోటీన్‌లో 1071 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 123 కిలోడాల్టన్లు. జెల్ మీద 110–120 మధ్య ఒక్క బ్యాండ్ రావాలి. పాత లాట్‌తో అలాగే వచ్చేది. ఇప్పుడు అక్కడ మసక గీత, 65 దగ్గర దట్టమైన బ్యాండ్. హీలా కణాల లైసేట్ (కణాలను చితికించి తీసిన రసం) లేనుకు 30 మైక్రోగ్రాములు, 8 శాతం జెల్, 4 డిగ్రీల్లో రాత్రంతా 30 వోల్టుల వెట్ ట్రాన్స్‌ఫర్, 5 శాతం పాలపొడితో బ్లాకింగ్, ప్రైమరీ, అంటే మీ యాంటీబాడీ, 1:1000. పెద్ద ప్రోటీన్ మెంబ్రేన్‌కు ఎక్కలేదనడానికి లేదు. అదే మెంబ్రేన్‌ను నిలువునా కోసి, ఒక ముక్కకు పాత వయల్‌లో మిగిలింది వేస్తే 120 దగ్గర బ్యాండ్ శుభ్రంగా వచ్చింది, 65 దగ్గర ఏమీ లేదు.

ప్రైమరీకి అంటుకుని సిగ్నల్ ఇచ్చే సెకండరీ యాంటీబాడీ ఒక్కటే వేసిన ముక్క ఖాళీ. జన్యువును అణిచే చిన్న ఆర్ఎన్ఏ (ఎస్ఐఆర్ఎన్ఏ)తో ఎక్స్‌పోర్టిన్-1ను తగ్గించిన కణాల్లో 120 గీత దాదాపు పోయింది, 65 మాత్రం చెక్కుచెదరలేదు. అది మా శాంపిల్‌లో విరిగిన ముక్కే అయితే దాంతోపాటే తగ్గాలి కదా. నిల్వ కోసం కలిపే అజైడ్ వల్ల, సెకండరీ మీద సిగ్నల్ ఇచ్చే ఎంజైమ్ హెచ్ఆర్‌పీ దెబ్బతిందేమో అనుకుందామన్నా, అలాగైతే మొత్తం బ్లాటే వెలవెలబోతుంది, ఒక్క బ్యాండ్‌ను వదిలేయదు.

కణాల్లో ప్రోటీన్‌ను మెరిపించి చూసే ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లోనూ అంతే. కేంద్రకంలో, దాని అంచు చుట్టూ మెరవాల్సింది సైటోప్లాజం అంతా అలుక్కుపోయినట్టు కనిపిస్తోంది. ఎక్స్‌పోర్టిన్-1ను అడ్డుకునే లెప్టోమైసిన్ బీ ప్రయోగాలకు ఇలాంటి మరకను ఎవరు నమ్ముతారు?

పార్సిల్‌లో జెల్ ప్యాక్‌లు మెత్తబడే వచ్చాయి. శనివారం హైదరాబాద్‌లో బయల్దేరితే సోమవారం దాకా కొరియర్ గోడౌన్‌లోనే పడి ఉంటుంది, అదీ మా జిల్లా ఎండల్లో. అయినా వేడి తగిలితే సిగ్నల్ బలహీనపడాలి గానీ, ఇంత బలమైన కొత్త బ్యాండ్ పుట్టదు. లోపం సీరంలోనే ఉందని మా అభిప్రాయం.

కుందేలు మారితే సీరం మారుతుందని తెలియనిది కాదు. అందుకే ప్రతి లాట్‌నూ అమ్మేముందు పరీక్షించాల్సింది మీరు. డేటాషీట్ మీద పాత లాట్ బొమ్మే ఉంది, కింద నంబర్ మాత్రం మార్చారు.

పాత లాట్ నిల్వ ఉంటే అది పంపండి, లేకపోతే డబ్బు వాపసు చేయండి. వేరే లాట్ అయితే దాని సొంత బ్లాట్, నాక్‌డౌన్ (ఈ ప్రోటీన్‌ను తగ్గించిన కణాల) లేనుతో సహా, ముందే పంపండి. కుందేలుకు ఎక్కించిన ఇమ్యునోజెన్ పెప్టైడ్ ప్రోటీన్‌లో ఏ భాగానిదో కూడా తెలపండి. పార్సిల్ సోమ, మంగళవారాల్లోనే బయల్దేరాలి.

కత్తిరించని బ్లాట్ ఫోటోలు, ఇన్‌వాయిస్, వయల్ లేబుల్ ఫోటో జత చేశాం.

ఇట్లు
కణజీవశాస్త్ర ల్యాబ్, నల్లగొండ