తోట రైలు సంఘం – వార్షిక కార్యకలాపాల నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారాలు.

నియమావళిని అనుసరించి గత సంవత్సరపు పనులను మీ ముందుంచుతున్నాను. తమ పెరడును మన చిన్న నమూనా రైలుమార్గానికి అప్పగించి, పూలమొక్కల నడుమ మనం తవ్విన ప్రతి కందకాన్నీ ఓపికగా భరించిన దంపతులకు సంఘం ముందుగా కృతజ్ఞతలు తెలుపుకుంటోంది. మొక్కల పని చూసిన సోదరీమణులకు, పనిముట్లు ఇచ్చి వాటిని తిరిగి అడగని సభ్యులకు, ప్రతి వారం రసమట్టం పట్టుకుని అందరికంటే ముందు వచ్చిన పెద్దాయనకు కూడా మనం రుణపడి ఉన్నాం.

ఈ ఏడు చేసిన పనులన్నిటిలో పెద్దది ఎక్కుడు దారిని కొత్తగా వేయడం. రాతితోట వెనుక పాత మార్గం మీటరుకు 4 సెంటీమీటర్ల చొప్పున ఎక్కేది. మలుపులో చక్రాల ఒరిపిడి కూడా తోడవడంతో ఇంజన్లు మూడు పెట్టెలకు మించి లాగలేక అక్కడే చక్రాలు జారి నిలిచిపోయేవి. ఆ వాలును సగానికి తగ్గించాలని నిర్ణయించాం. 30 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కడానికి ఇదివరకు ఏడున్నర మీటర్ల పట్టా సరిపోయేది, ఇప్పుడు 15 మీటర్లు కావలసి వచ్చింది. అంత పొడవు పెరట్లో తిన్నగా దొరకదు కనుకనే కొత్త దారి రాతితోటను చుట్టి, కొలను గట్టు మీదుగా సాగి, పొట్టి పొదల మధ్య నుంచి పై స్టేషనుకు చేరుతుంది. అందం కోసమే ఇన్ని మెలికలు తిప్పారని కొందరు సభ్యులు అనడం నా చెవిన పడింది. అందం వచ్చింది, నిజమే, కాని ప్రతి మెలికా ఎత్తు లెక్కలోంచే పుట్టిందని మనవి చేస్తున్నాను.

పాత పట్టాలు మట్టి మీద పరిచినవి కావడంతో ప్రతి వానకూ ఒక పక్కకు కుంగేవి. ఈసారి జానెడు లోతు తవ్వి, అడుగున పెద్ద కంకర, పైన రాతి చిప్స్ వేశాం. గుండ్రటి గులకరాళ్లు జారిపోతాయి, కోసుగా ఉన్న రాతిముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తాయి. పట్టాలను ఎక్కడా సిమెంటుతో బిగించలేదు. 10 మీటర్ల ఇత్తడి పట్టా 30 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది, సాగడానికి చోటు లేకపోతే వంకర తిరుగుతుంది. తెల్లవారుజామున గోరు పట్టేంత ఉన్న అతుకుల సందులు మధ్యాహ్నానికి మూసుకుపోవడం నేను స్వయంగా చూశాను. అసలు కొలతను 22.5 రెట్లు చిన్నది చేసే మన 1:22.5 కొలతలో నిలువెత్తు మనిషి ఏడు సెంటీమీటర్లే కాబట్టి, పట్టాల పక్కన అరచేయంత ఆకు ఉంటే దృశ్యం చెడిపోతుంది. అందుకే సోదరీమణులు చిన్న ఆకుల మొక్కలనే ఎంచి నాటారు.

సందర్శకుల దినం ఈ సంవత్సరానికే తలమానికం. ఆవిరి ఇంజను చక్రాలకు విద్యుత్తును అడ్డుకునే ఇన్సులేషన్ లేకపోవడంతో షార్ట్ కాకుండా ఉండాలని, మామూలు ఇంజన్లను నడిపే పట్టాలలోని విద్యుత్తును ఆ పూట ఆపివేశాం. బాయిలరులో డిస్టిల్డ్ వాటర్ నింపి, బర్నరు వెలిగించి, ప్రెషర్ గేజి ముల్లు లేచే వరకు అందరం వంగి చూస్తూ నిలబడ్డాం. ఏడు పెట్టెలతో బయలుదేరిన బండి కొలను గట్టు దాటాక ఒక తడి ఆకు మీద ఒక్క క్షణం చక్రాలు జారింది, వెంటనే పట్టు దొరకబుచ్చుకుని ఆగకుండా పై స్టేషను చేరింది. గొట్టం నుంచి వేడి నూనె వాసనతో తెల్లటి పొగ లేచినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు, రసమట్టం పెద్దాయన మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఈ సంఘంలో నేను గడిపిన కాలంలో ఇంతకంటే సంతోషకరమైన రోజు లేదు.

బాధ కలిగించిన సంగతులు కూడా చెప్పక తప్పదు. శ్రమదానం జాబితాలో పేర్లు రాయించుకున్నవారు చాలామంది, గడ్డపార పట్టినవారు మాత్రం ఎప్పుడూ ఆ నలుగురైదుగురే. సందర్శకుల దినాన ఫొటోలకు వచ్చినవారు, అంతకు ముందు వారం కలుపు తీయడానికి కూడా వచ్చి ఉంటే బాగుండేది. వీధి కాలువ పొంగి పెరట్లోకి నీరు వస్తోందని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. ఒక్కరూ వచ్చి చూడలేదు. చివరకు మన సభ్యులే గట్టు వేసుకున్నారు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా జతచేశారు. ఖర్చులో అధిక భాగం పట్టాలకు, కంకరకు అయింది, సందేహాలుంటే వారిని అడగగలరు.

వచ్చే ఏడు కింది స్టేషను వద్ద రెండు బండ్లు తప్పుకోవడానికి మరో లైను, దానికి రెండు పాయింట్లు (బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పట్టాల అమరికలు) వేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఆమోదించే సభ్యులు చేయి ఎత్తడంతో పాటు, తాము ఏ వారం పనికి రాగలరో కూడా ఇక్కడే రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
కార్యదర్శి