గన్నేరు కషాయం ఫార్వర్డ్ గురించి
అందరికీ నమస్కారం. గన్నేరు ఆకు కషాయం తాగమన్న ఆ ఫార్వర్డ్ చూసి టెన్షన్ పట్టుకుంది. దయచేసి ఎవరూ తాగొద్దు. ఆకు, పువ్వు, వేరు, గింజ, చివరికి కాల్చిన పొగ కూడా విషమే. అందులోని ఓలియాండ్రిన్ అనే విషపదార్థం గుండె లయను దెబ్బతీస్తుంది. ఎండిన ఆకులోనూ విషం పోదు.

ఆయుర్వేదంలో కరవీరం అనే పేరుతో గన్నేరును వాడతారు, నిజమే. కానీ ఆవుపాలలో ఉడికించి శుద్ధి చేస్తారు, అదీ ఎక్కువగా చర్మవ్యాధులకు పైపూతగానే. ఆ పని వైద్యులకు వదిలేద్దాం.

మా గేటు పక్కనున్నది ఈ గన్నేరే: కణుపుకు మూడేసి కోలాకులు, చివర గులాబీరంగు పూల గుత్తి. గంటల్లాంటి పసుపు పూల పచ్చగన్నేరు వేరే మొక్క, అదీ విషమే. కత్తిరించిన కొమ్మలు మేకలకు అందేచోట పడేయకండి. పూజకు పూలు కోశాక చేతులు కడుక్కోండి.