మన పాటల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా నార్తర్న్ సోల్, దాంతోపాటే గొడవ

సభ్యులందరికీ నమస్కారం. రిపోర్టు ఉగాదికే ఇస్తానన్నాను, ఇప్పుడిస్తున్నాను. లేటులో సగం నాది, మిగతా సగం మీది, ఎందుకంటే డ్రాఫ్ట్ వాట్సాప్ గ్రూపులో పెట్టగానే బ్లాక్‌పూల్ డ్యాన్స్ క్లబ్బు పేరా తీసేయమని నలుగురు, అది ఉంచి విగన్ క్లబ్బు పేరా కోసేయమని ఇంకో నలుగురు ఫోన్లు చేసారు. రెండూ ఉంచేసాను, ఇక మీ ఇష్టం.

మామూలు సంగతులు ముందు అయిపోగొడతాను. డిసెంబర్‌లో ఘంటసాల గారి జయంతి ఎప్పట్లాగే చేసాం, సంక్రాంతి భోజనాలు అయ్యాయి, పిల్లల పాటల పోటీకి ఈసారి పిల్లలకంటే తల్లిదండ్రులే ఎక్కువ టెన్షన్ పడ్డారు. మెంబర్‌షిప్ ఫీజు ఇంకా కట్టనివాళ్ళ పేర్లు ఇక్కడ రాయను కానీ ట్రెజరర్ అన్న దగ్గర లిస్టుంది.

ఇక అసలు సంగతి. కిందటి జనరల్ బాడీలో బోల్టన్ వదిన లేచి, పదిహేనేళ్ళ నుంచి మాంచెస్టర్ చుట్టుపక్కలే ఉంటున్నాం, పక్కింటావిడ అరవై దాటిన వయసులో వంటింట్లో గిర్రున తిరుగుతూ డ్యాన్స్ చేస్తుంటే అదేంటో కూడా మనకి తెలీదు, ఈ ఊరి పాట ఈ ఏడాదైనా విందాం అంది. అందరం చప్పట్లు కొట్టి తీర్మానం చేసేసాం. చప్పట్లు కొట్టినప్పుడు ఇంత గొడవవుతుందని ఎవరూ అనుకోలేదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నార్తర్న్ సోల్ అంటే ఏంటో కొంచెం చెప్తాను. సోల్ అంటే అమెరికా నల్లజాతివాళ్ళ పాట. 1960ల్లో అమెరికాలో డెట్రాయిట్, షికాగో లాంటి ఊళ్ళల్లో మోటౌన్ కంపెనీ పాటలు దుమ్ము లేపుతుంటే, అలాంటి పాట మనమూ చేద్దామని బోలెడు చిన్న కంపెనీలు సింగిల్స్, అంటే చిన్న రికార్డులు, వేసాయి, చాలావరకు అమ్ముడుపోక గోడౌన్లలో పడున్నాయి. అక్కడ ఫ్లాపయిన ఆ పాటలే ఇంగ్లండ్ ఉత్తరాన ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళకి ప్రాణం అయిపోయాయి. వారమంతా మెషీన్ దగ్గర నిలబడి, శనివారం రాత్రి బ్యాగ్‌లో ఇంకో జత బట్టలు, టాల్కం పౌడర్ డబ్బా పెట్టుకుని బయల్దేరితే ఆదివారం పొద్దున్నే ఇంటికి. విగన్ ఊళ్ళో క్యాసినో అనే డ్యాన్స్ క్లబ్బులో రాత్రిపూట మందు అమ్మే లైసెన్స్ కూడా లేదు, జనం వచ్చేది డ్యాన్స్‌కే. మెలకువగా ఉండటానికి మాత్రలు మింగేవాళ్ళు చాలామంది, పోలీసుల దాడులూ జరిగేవి, రిపోర్టు కదా అని ఆ సంగతి దాచను.

మొదటి మీటింగ్‌లో నార్తర్న్ సోల్ అనే పేరెలా వచ్చిందో మాట్లాడుకున్నాం. లండన్‌లో కోవెంట్ గార్డెన్ దగ్గర డేవ్ గాడిన్ అనే ఆయన సోల్ సిటీ అని రికార్డుల షాపు నడిపేవాడు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కని ఉత్తరాది నుంచి వచ్చే కుర్రాళ్ళు షాపుకొచ్చి, అప్పుడే వస్తున్న ఫంక్ అనే కొత్త రకం జోలికి పోకుండా, నాలుగైదేళ్ళ కిందటి స్పీడు బీటు పాటలే అడిగేవాళ్ళట. వాళ్ళొస్తే కొత్త సరుకు చూపించి టైం వేస్ట్ చెయ్యకండి, ఉత్తరాదివాళ్ళ సోల్, అంటే నార్తర్న్ సోల్, వినిపించండి అని స్టాఫ్‌కి చెప్పాడు, 1970లో బ్లూస్ అండ్ సోల్ మ్యాగజైన్ కాలమ్‌లో మాంచెస్టర్ ట్విస్టెడ్ వీల్ క్లబ్ చూసొచ్చి అదే మాట రాసాడు. ఆ వీల్ క్లబ్ 1971 మొదట్లోనే మూతపడింది, నార్తర్న్ సోల్ అన్న పేరు మాత్రం మిగిలిపోయింది. నాకు ఇందులో తమాషాగా అనిపించిందేంటంటే, పేరు పెట్టిందే టేస్ట్ తేడాని చూసి, కొత్తది వద్దు పాతదే కావాలన్న మొండితనాన్ని చూసి. అలాంటి పేరు మోస్తున్నవాళ్ళు తర్వాత యాభై ఏళ్ళు కొట్టుకోకపోతేనే ఆశ్చర్యం.

జూన్‌లో మినీబస్ వేసుకుని విగన్ వెళ్ళాం. చూడ్డానికేం లేదు అని ముందే చెప్పాను, అయినా పులిహోర కట్టుకుని మరీ వచ్చారు. 1973 సెప్టెంబర్ 23న మొదలై 1981 డిసెంబర్ 6న మూతపడిన క్యాసినో బిల్డింగ్ ఎప్పుడో పోయింది, ఆ స్థలంలో ఇప్పుడు గ్రాండ్ ఆర్కేడ్ షాపింగ్ సెంటర్ ఉంది. మన కోసం ఒక లోకల్ పెద్దాయన వచ్చాడు, పదహారేళ్ళప్పుడు మొదటిసారి వెళ్ళాడట, మెట్లెక్కుతుంటే లోపలి నుంచి వేడి గాలి, చెమట వాసన మొహానికి కొట్టేదని చెప్తూ బట్టల షాపు ముందు నిలబడి రెండు స్టెప్పులు వేసి చూపించాడు, మోకాలు పట్టేసింది, మా పిల్లలు వీడియో తీసారు. మళ్ళీ పిలవాలి ఆయన్ని.

ఇప్పుడు గొడవ పేరా. బ్లాక్‌పూల్‌లో మెకా అనే డ్యాన్స్ హాల్లో పైన హైలాండ్ రూమ్ అని ఉండేది, అక్కడ డీజేలు ఇయన్ లెవీన్, కాలిన్ కర్టిస్. లెవీన్ అమెరికా వెళ్ళి వేలకొద్దీ రికార్డులు తెచ్చినవాడు, అరుదైన పాతవి ఎన్నో వెతికి పట్టుకున్నాడు. అలాంటివాడు 1973, 74 ప్రాంతంలో కార్‌స్టెయిర్స్ అనే గ్రూపు పాడిన ఇట్ రియల్లీ హర్ట్స్ మీ గర్ల్ లాంటి అప్పటి కొత్త పాటలు పెట్టడం మొదలుపెట్టాడు. అందులో బీటు దడదడమని పరిగెత్తదు, కొంచెం ఊగుతుంది, డిస్కోకి దారి తీసే ఊపు. విగన్‌వాళ్ళకి కావాల్సింది స్టాంపర్, అంటే ప్రతి బీటుకీ డ్రమ్ము దెబ్బ పడే అరవైల పాట. లెవీన్ పోవాలి అని బ్యానర్లు కూడా కట్టారంటే చూడండి, ఒక డీజే మీద బ్యానర్! మన దగ్గర హీరోల ఫ్యాన్స్ గోడల మీద రాసుకున్న రాతలు గుర్తొచ్చాయి నాకైతే. అట్లని రెండు వర్గాలూ మొహమొహాలు చూసుకోలేదనేం కాదు, బ్లాక్‌పూల్‌లో మూసేసాక అట్నుంచటే కారెక్కి విగన్ పోయినవాళ్ళు బోలెడుమంది.

మనం ఏం చేసామంటే, సెప్టెంబర్ మీటింగ్‌లో రెండు రకాలూ పక్కపక్కన వినిపించాం. స్టాంపర్ పెట్టగానే సాల్‌ఫోర్డ్ బ్యాచ్ అంతా లేచింది, కార్‌స్టెయిర్స్ పెట్టగానే వాళ్ళు కూర్చున్నారు, అప్పటిదాకా సమోసాలు తింటున్న బోల్టన్ వదిన, వాళ్ళాయన లేచారు. చూస్తుండగానే హాల్లో కుర్చీలు రెండు వైపులకి జరిగిపోయాయి, నేను అబద్ధం చెప్పట్లేదు. ఆ రోజు నుంచి గ్రూపులో విగన్ వర్గం, బ్లాక్‌పూల్ వర్గం అని పేర్లు పడ్డాయి. సెక్రటరీగా నేను న్యూట్రల్‌గా ఉండాలి కానీ ఉన్నమాట చెప్తున్నా, నేను బ్లాక్‌పూల్ వైపే. ఒకే బీటు ఎంతసేపు వింటాం? విగన్ వర్గంవాళ్ళ జవాబు కూడా రాస్తాను, లేకపోతే ఊరుకోరు: కొత్తది కావాలనుకుంటే దానికి ప్రపంచంలో వేరే క్లబ్బులు లక్ష ఉన్నాయి, ఇది ఒక్కటైనా ఇలా ఉండనివ్వరేం అని. లెవీన్ తర్వాత ఎనభైల్లో హై ఎనర్జీ డిస్కో పాటల ప్రొడ్యూసర్ అయిపోయాడు కాబట్టి, మేం ముందే చెప్పలేదా అనేది వాళ్ళ ట్రంప్ కార్డ్.

ఇది అక్కడితో ఆగిందా అంటే లేదు. క్యాసినోలోనే పక్క రూములో మిస్టర్ ఎమ్స్ అని పాత పాటలకి వేరే చోటు ఉండేది. క్యాసినో మూతపడ్డాక 1982 నుంచి స్టాఫర్డ్‌లో టాప్ ఆఫ్ ద వరల్డ్ అనే చోట ఇంకో రకం మొదలైంది, పాటలు అరవైలవే కానీ అప్పటిదాకా ఎవరూ వినిపించనివి, స్పీడు తక్కువవి కూడా. పాతకాలం పాటే, కానీ చెవులకి కొత్త. అరిగిపోయిన యాభై పాటలే మళ్ళీ మళ్ళీ పెడితే సీన్ చచ్చిపోతుందని వాళ్ళ వాదన, జనం ఆ యాభై కోసమే టికెట్ కొంటారని అవతలివాళ్ళది. ఇప్పటికీ సోల్ నైట్‌కి వెళ్తే ఇదే వినపడుతుంది.

పాప్ గొడవ ఇంకోటి. 1975లో విగన్స్ ఓవేషన్ అనే తెల్ల కుర్రాళ్ళ బ్యాండు, ఇన్విటేషన్స్ అనే నల్లజాతి గ్రూపు పాడిన స్కీయింగ్ ఇన్ ద స్నో పాటని మళ్ళీ పాడి చార్టుల్లోకెక్కితే, మా సంగతి టీవీలో పెట్టి బజారుపాలు చేసారని క్లబ్బులకెళ్ళే పాత అభిమానులు మండిపడ్డారు. 2023లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ప్రామ్స్ అనే సంగీతోత్సవంలో ఆర్కెస్ట్రాతో నార్తర్న్ సోల్ పెట్టినప్పుడూ కొందరికి గర్వం, కొందరికి ఒళ్ళుమంట. మన దగ్గర ఆ వీడియో చూసిన రోజు ఓట్లు సరిగ్గా సగం సగం పడ్డాయి, నేను కాస్టింగ్ ఓటు వెయ్యకుండా టీ పెట్టడానికి వెళ్ళిపోయాను.

ఖర్చుల విషయంలో మాత్రం ఒక పెద్ద చర్చ రికార్డు చెయ్యాలి. ఈ సీన్‌లో సీరియస్ చోట్ల ఒరిజినల్ వినైల్ మాత్రమే అని రూలు ఉంటుంది, అంటే అప్పట్లో అచ్చయిన, నిమిషానికి 45 చుట్లు తిరిగే సింగిలే పెట్టాలి, తర్వాత వేసిన కాపీలు, సీడీలు, లాప్‌టాప్ పనికిరావు. అప్పట్లో డీజేలు మంచి పాట దొరికితే లేబుల్ మీద కాగితం అంటించి ఉత్తుత్తి సింగర్ పేరు చెప్పేవాళ్ళు, ఆవకాయ పాళ్ళు చెప్పని పెద్దమ్మల్లాగా. ఫ్రాంక్ విల్సన్ 1965లో పాడిన డూ ఐ లవ్ యూ పాట అలాగే ఎడ్డీ ఫాస్టర్ అనే పేరుతో తిరిగింది, దాని ఒరిజినల్ కాపీ ఒకటి 2009లో 25,742 పౌండ్లకి పోయింది. ట్రెజరర్ అన్న ఆ నంబర్ విని రెండోసారి చెప్పమన్నాడు. స్టాక్‌పోర్ట్ అన్నయ్య మాత్రం ఆగలేక ఒక స్టాల్‌లో ఒరిజినల్ అంటే నమ్మి సంఘం డబ్బుతో ఒక సింగిల్ కొన్నాడు, ఇంటికొచ్చి చూస్తే డెబ్భైల్లో ఇక్కడే గుద్దిన దొంగ ప్రెస్సింగ్. పాట మాత్రం అదే పాట, గీతలు లేకుండా శుభ్రంగా వినపడుతోంది కూడా. మరి మోసపోయామా లేదా? దీని మీద గంటన్నర మాట్లాడుకున్నాం. నా లెక్క ఏంటంటే, దొంగ కాపీలో పోయేది సౌండు కాదు, పాడినవాళ్ళకి రావాల్సిన డబ్బు. కెంట్ లాంటి లేబుళ్ళు హక్కులు కొనుక్కుని వేసిన రీఇష్యూలు ఉన్నాయి కదా, అవి కొందాం. ఇది తీర్మానంగా పాసయింది, ముగ్గురు వ్యతిరేకం, ముగ్గురూ విగన్ వర్గమే.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న కూడా రాస్తాను. స్టాక్‌పోర్ట్ అన్నయ్య కూతురు పాత ఫోటోలు చూసి, పాడింది నల్లవాళ్ళు, ఫ్లోర్ మీద అందరూ తెల్లవాళ్ళే, బ్యాగు మీద కుట్టుకున్న బిగించిన పిడికిలి గుర్తు బ్లాక్ పవర్ అనే నల్లజాతి ఉద్యమంవాళ్ళది, మరి ఇది ఎవరి పాట అంది. హాల్లో ఎవరూ వెంటనే మాట్లాడలేదు. విగన్ పెద్దాయనకి ఫోన్ చేసి అడిగితే, మేము పిల్లలం, ఆ పాటలో బాధ మాదే అనిపించింది, అంతకుమించి ఆలోచించలేదు, ఆలోచించాల్సింది అన్నట్టు చెప్పాడు. కొందరు గాయకులు ముసలితనంలో ఇక్కడికొచ్చి, అమెరికాలో ఎవరికీ గుర్తులేని తమ పాటకి హాలంతా గొంతు కలుపుతుంటే స్టేజి మీదే ఏడ్చేసారు, అదీ నిజమే. ఆ అమ్మాయికి ఈ జవాబు సరిపోలేదు, నాకూ పూర్తిగా సరిపోలేదు.

ఫిబ్రవరి డ్యాన్స్ నైట్ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. పిల్లలకి టెయింటెడ్ లవ్ పాట 1981 నాటి సాఫ్ట్ సెల్ వెర్షన్ తెలుసు, 1965లో విడుదలైన గ్లోరియా జోన్స్ అసలు పాట పెడితే ఇదే బాగుందని మళ్ళీ పెట్టించుకున్నారు. పాదాలు జారాలని నేల మీద పౌడర్ చల్లితే హాల్‌వాళ్ళు డిపాజిట్‌లో కొంత పట్టుకున్నారు, తుడిచి ఇస్తామన్నా వినలేదు. బోల్టన్ వదిన పక్కింటావిడని తీసుకొచ్చింది, ఆవిడ మన ఆడవాళ్ళకి స్పిన్ నేర్పింది, చీరలో అది అవ్వదని ఇద్దరు చెప్పారు, అవుతుందని ఒక అత్తయ్య చేసి చూపించింది. క్యాసినోలో పొద్దున ఎనిమిదికి ముందు పెట్టే ఆఖరి మూడు పాటల్ని, జిమ్మీ రాడ్‌క్లిఫ్, టోబీ లెజెండ్, డీన్ పారిష్ పాడినవి, మనం రాత్రి పదకొండుకి ముందు పెట్టాం, హాల్ టైం అంతే. డీన్ పారిష్ తెల్లాయన అని అప్పుడు చెప్పాను, స్టాక్‌పోర్ట్ అమ్మాయి ఇంకో నోట్‌బుక్ తీసింది.

వచ్చే ఏడాదికి ప్రపోజల్స్: విగన్ వర్గానికి ఒక నెల, బ్లాక్‌పూల్ వర్గానికి ఒక నెల అని ట్రెజరర్ అన్న అంటున్నాడు, మా ఆవిడ మధ్యలో ఒక నెల ఘంటసాల అంటోంది, జనరల్ బాడీలో తేల్చుకుందాం. ఆడిట్ అయిన లెక్కలు వేరే కాగితంలో ఉన్నాయి, పౌడర్ ఖర్చు ఇతరములు కింద చూడండి.

చివరిగా, డ్యాన్స్ నైట్ తర్వాత స్టాక్‌పోర్ట్ అన్నయ్య రికార్డు ప్లేయర్ సూది కనపడట్లేదు. పొరపాటున ఎవరి పెట్టెలోకైనా వెళ్ళుంటే దయచేసి తెచ్చివ్వండి, ఏ వర్గం అని అడగం.