గుడిని బయటి నుంచి చూడడం మొదలుపెట్టాలి

సంపాదకులకు,

రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. కానీ బస్సు దిగినవాళ్లలో చాలామంది నేరుగా గర్భాలయానికి వెళ్లి దండం పెట్టుకుని, మదనికలనే స్త్రీ శిల్పాల కింద ఫొటో దిగి తిరిగి బస్సెక్కుతున్నారు. దర్శనం చేసుకోవాల్సిందే. అయితే 1213 నాటి ఆ గుడిలో చూడాల్సినదంతా లోపలే లేదు.

ముందు గుడికి ఒక మూలన, కాస్త దూరంగా నిలబడాలి. ఎదురుగా నిలబడితే మండపం అడ్డొచ్చి విమానం, అంటే పీఠం నుంచి కలశం దాకా గర్భాలయపు కట్టడం, సగమే కనిపిస్తుంది. శిల్పశాస్త్రం విమానానికి ఆరు అంగాలు చెబుతుంది: అధిష్ఠానం, పాదం, ప్రస్తరం, గ్రీవం, శిఖరం, స్తూపి. అంటే కింది పీఠం, గోడ, గోడ మీది చూరు వరస, మెడ, తల, ఆపైన కలశం. ఈ పేర్లు పట్టుకుని అలంపురం వెళ్తే తేడా ఇట్టే తెలుస్తుంది. అక్కడి 7, 8 శతాబ్దాల చాళుక్య ఆలయాల పైకట్టడాలకు మెడ, తల అని విడిగా అంతస్తులు తేలవు. గోడ మీది నుంచే వంపు తిరుగుతూ పైకి లేచి, ఉసిరికాయలా గాడులు తేలిన ఆమలకం అనే గుండ్రని రాయి దగ్గర ఆగుతాయి. అది ఉత్తరాది పద్ధతి.

తర్వాత ప్రదక్షిణ. రామప్పలో పీఠం మీద బారులు తీరిన ఏనుగుల్ని చూస్తూ నెమ్మదిగా తిరగాలి. గోడలది ఎర్ర ఇసుకరాయి, మదనికలది నల్లరాయి. ఇసుకరాయి గింజలు గింజలుగా రాలుతుంది, అందులో సన్నని పని నిలవదు. నల్లరాయి గట్టిది, నునుపు తేలుతుంది. స్తంభం మెడ నుంచి చూరు కిందికి వాలుగా నిలిచిన మదనిక హారాన్ని ఒక్క నిమిషం తదేకంగా చూడండి, ఆ రాయిని ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది. విమానం పైకట్టడానికి మాత్రం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు, కప్పు మీద బరువు తగ్గాలని.

వేళ కూడా ముఖ్యం. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో చెక్కడం లోతు తెలుస్తుంది, మిట్టమధ్యాహ్నం చూరు నీడలో శిల్పాలు మసకబారతాయి. మండపంలోకి వెళ్లాక కళ్లు చీకటికి అలవాటు పడేదాకా రెండు మూడు నిమిషాలు ఆగాలి. కప్పు చూడడానికి మెడ నొప్పి పుట్టించుకోనక్కర్లేదు: ఫోన్‌లో ముందు కెమెరా ఆన్ చేసి, తెర పైకి ఉండేలా అరచేతిలో పట్టుకుంటే చాలు. ఫ్లాష్ వద్దు, అది నీడల్ని చంపి శిల్పాన్ని చదును చేస్తుంది.

శిల్పాలకు నూనె, కుంకుమ పూయడం మాత్రం మానాలి. జిడ్డు రాతి రంధ్రాల్లోకి దిగి దుమ్మును పట్టేస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ ముక్కు, వేలు, నగ గీతలు పూడిపోతాయి. శాసనాల మీద సున్నం కొడితే అక్షరాలూ అంతే. బీటల్లో సిమెంటు కూరడం ఇంకా చెడ్డది: తేమ బయటికి పోయే దారి లేక పక్క రాయి పెచ్చులూడుతుంది. పాత కట్టడానికి సున్నపు గారే సరైనది.

పురావస్తు శాఖలకు ఒక్క మనవి. ప్రతి రక్షిత ఆలయం దగ్గరా జరిమానా హెచ్చరిక బోర్డు ఉంటుంది. దాని పక్కనే ఆ గుడి నిలువు బొమ్మ గీసి, అధిష్ఠానం నుంచి స్తూపి దాకా పేర్లు తెలుగులో రాసి, ఏ భాగం ఏ రాయో చెప్పే మరో బోర్డు పెట్టించండి. విమానం మొత్తం కనిపించే ఆ మూలనే దాన్ని నిలబెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ