నీటికాసుల చుక్కల మందు ఊరికే రావాలి

సంపాదకులు గారికి,

మందుల బండి వచ్చిన రోజున మా కోనసీమ ఊళ్లలో ముసలీముతకా బీపీ, షుగరు మాత్రల కోసం బారులు తీరతారు. ఆ వరుసలో నీటికాసులు (గ్లాకోమా అనే కంటి జబ్బు) ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్ల చుక్కల మందు కూడా అక్కడే ఉచితంగా ఇవ్వాలన్నది నా విన్నపం.

ఈ జబ్బులో దెబ్బతినేది కంటి వెనక నరం. కంట్లో ఊరే నీరు పోయే దారి మూసుకుపోతే, గుర్రపుడెక్క అడ్డుపడ్డ మురుగుకాలువలో నీరు ఎగదన్నినట్టు లోపల ఒత్తిడి పెరుగుతుంది. చూపును మెదడుకు చేర్చే నరపు పోగులు ఒక్కో కంటికి దాదాపు 10 లక్షలు. అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. శుక్లం తీయిస్తే చూపొస్తుంది, ఇందులో పోయింది పోయినట్టే. చాలామందికి నొప్పి కూడా ఉండదు. మా వీధిలో ఒకాయన పేపరు గడగడా చదువుతారు, పక్కచూపు పోయి, పక్కనున్న ద్వారబంధానికి మాత్రం భుజం కొట్టుకుంటారు. చూపు బాగానే ఉందిగా అని చుక్కలు మానేశారు. 1996–2000 మధ్య పశ్చిమ గోదావరి పల్లెల్లోనూ జరిగిన కంటి జబ్బుల సర్వేలో, నీటికాసులు బయటపడ్డవాళ్లలో చాలామందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు.

నరాన్ని నేరుగా కాపాడే మందు కోసం ఏళ్లుగా వెతుకుతున్నారు. మతిమరుపు జబ్బుకిచ్చే మెమాంటిన్‌ను నాలుగేళ్లు పరీక్షించి చూస్తే ఫలితం లేదని 2018లో అచ్చయిన నివేదిక చెప్పింది. విటమిన్ బి3 మీద పరీక్షలు నడుస్తున్నాయి. ఇప్పటికి రుజువైన దారి ఒత్తిడి తగ్గించడమే, ఈ చుక్కలు చేసేదీ అదే. అలాంటిది, నరాల బలానికని ఎవరో చెప్పిన మాత్రలు కొనుక్కుని చుక్కలు మానేసేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కళ్లు దురదపెడితే చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు అమ్మడం మరీ ఘోరం. వాటిని నెలల తరబడి వేస్తే కొందరికి కంటి ఒత్తిడే పెరుగుతుంది.

శుక్లాల క్యాంపుల్లో 40 దాటినవాళ్లకు ఒత్తిడితోపాటు నరాన్నీ చూడాలి. ఒత్తిడి మామూలుగా ఉన్నా నరం దెబ్బతినేవాళ్లున్నారు. రోగుల తోబుట్టువులను, పిల్లలను ముందు పిలవాలి. చుక్కలు వేసుకోవడం ఆశా కార్యకర్తలు దగ్గరుండి నేర్పాలి. చేయి వణికే ముసలమ్మ వేసుకుంటే సగం మందు చెంప మీదికే జారుతుంది, నెల రావాల్సిన సీసా ముందే ఖాళీ అవుతుంది. పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి దాటితేగాని మందుల షాపు దొరకని లంకవాళ్లకు, జులైలో గోదావరికి వరద రాకముందే రెండు నెలల మందు చేతికివ్వాలి.

విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజోలు