సాలీడు అనిపించుకోవాలంటే

జయనగర్, బెంగళూరు

ప్రియమైన రఘూ,

మీ చిన్నవాడి సైన్సు ప్రాజెక్టు ఫొటోలు అందాయి. బొమ్మలు ఎంత శ్రద్ధగా వేశాడో! మొదటి పేజీలో మెగారాక్నేను అతిపెద్ద సాలీడు అన్నాడు, అది మాత్రం మార్పించు. మెగారాక్నే అతిపెద్ద సాలీడు కాదు, అసలు సాలీడే కాదు. అర్జెంటీనాలో దొరికిన ఆ శిలాజాన్ని 1980లో హ్యూనికెన్ అనే శాస్త్రవేత్త సాలీడుగా వర్ణించారు. మరో నమూనా దొరికాక, 2005లో అది ఎప్పుడో అంతరించిన నీటి తేళ్ల (యూరిప్టెరిడ్‌ల) వర్గానిదని తేలింది. ఆ సంగతి ప్రకటించిన ముగ్గురిలో హ్యూనికెన్ కూడా ఉన్నారు! పాతికేళ్లు నిలిచిన తన మాటను తానే కొట్టివేశారు. ఆయనంటే నాకు చాలా గౌరవం రా.

మరి దేన్ని సాలీడు అనాలి? ఎనిమిది కాళ్లు తేలుకూ ఉన్నాయి. దారం తీసినంత మాత్రాన కూడా సరిపోదు. న్యూయార్క్ రాష్ట్రంలోని గిల్బోవాలో దొరికిన అట్టర్‌కోపస్ అనే శిలాజం సుమారు 38 కోట్ల ఏళ్ల నాటిది. ఒకప్పుడు దాన్నే తొలి సాలీడు అన్నారు. 2008లో మళ్లీ పరిశీలిస్తే దారం వచ్చే సన్నని నాళాలున్నాయి కానీ సాలీళ్లకు పొట్ట చివర ఉండే, దారాన్ని నడిపే బుడిపెలు, అంటే స్పిన్నరెట్లు, లేవు, పైగా తోక ఉంది. అందుకని యురరానీడా అనే కొత్త వర్గం కల్పించి అందులో చేర్చారు.

స్పిన్నరెట్లు చూడాలంటే ఇంట్లో సాలీడు చాలు. వానలకు మా బాల్కనీ నిండా సాలెగూళ్లే. అమ్మ చీపురు తీస్తే నేను అడ్డుపడుతున్నాను. నిన్న భూతద్దం పెట్టి చూశాను. పొట్ట చివర చిటికెన వేళ్లలాంటి బుడిపెలు ఒకదాన్నొకటి రాసుకుంటూ, దారాన్ని గోడకు అద్ది మళ్లీ దగ్గరకు ముడుచుకున్నాయి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

ఇక 2018లో మయన్మార్ అంబర్‌లోంచి, అంటే రాయిలా గట్టిపడిన చెట్టు జిగురులోంచి, కైమెరరాక్నే అనే జీవి వచ్చింది. దాని వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు. శరీరం రెండున్నర మిల్లీమీటర్లే, తోక అంతకన్నా పొడవు. తోకా ఉంది, స్పిన్నరెట్లూ ఉన్నాయి! రెండు బృందాలు ఒకే పత్రికలో దాన్ని వర్ణించాయి. ఒకరు సాలీళ్ల పక్కన నిలబెడితే, మరొకరు యురరానీడాలో చేర్చారు. మగవాటి పాల్పులు (నోటి పక్కన ఉండే చిన్న కాళ్లలాంటి అవయవాలు) సాలీళ్లవాటిలాగే ఉన్నాయి కనుక నేను మొదటివారి పక్షమే.

ఆర్కియా అనే సాలీడు సంగతి ఇంకా బాగుంటుంది. 1854లో బాల్టిక్ అంబర్‌లోని శిలాజాన్ని చూసి కోచ్, బెరెన్ట్ ఆ పేరు పెట్టారు. అది ఎప్పుడో నశించిన జీవి అనే అనుకున్నారు. 1881కల్లా ఆ కుటుంబపు సాలీడే మడగాస్కర్‌లో బతికి ఉన్నదని లోకానికి తెలిసింది. పొడవాటి మెడ, పొడవాటి దవడలు. తోటి సాలీళ్లనే వేటాడి తింటుంది.

మీ పెరటి సాలీళ్ల ఫొటోలు తీసి పంపమను, పొట్ట చివర స్పష్టంగా కనబడాలి. వదినగారికి నమస్కారాలు.

నీ
ప్రసాద్