మరణ ధ్రువపత్రం అడగకండి

సంపాదకులకు,

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునే తల్లికి వారంలో మూడు రోజులు పోయినట్టే. మిషను మీద ఉండేది నాలుగు గంటలే. కానీ కవిటి, మందస పల్లెల నుంచి వెళ్లి, నీరసంతో తిరిగొచ్చి మంచం మీద వాలేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. తల్లి బతికే ఉంది కదా, పిల్లలకు సర్కారు సాయం ఎలా వస్తుందని ఊళ్లో అందరూ అనుకుంటారు. అక్కడే పొరపాటు.

పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలిచ్చే స్పాన్సర్‌షిప్ సాయం అనాథలకు మాత్రమే కాదు. కన్నవాళ్లు ప్రాణాంతక జబ్బుతో ఉన్నా, పిల్లల్ని సాకే స్థితిలో లేకపోయినా అర్హతే. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. మరణ ధ్రువపత్రం లేదని ఎవరైనా దరఖాస్తు వెనక్కిస్తే, ఆసుపత్రి కేస్ షీట్ నకలు, డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జతచేసి నేరుగా జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. వాటితోపాటు ఆదాయ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్, ఆధార్లు, బ్యాంకు ఖాతా కావాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, బడి రిజిస్టరులో ఇంకో రకంగా ఉంటే ముందు అది సరిచేయించాలి. కాగితం ఆగిపోయేది చాలావరకు ఆ ఒక్క అక్షరం దగ్గరే.

తల్లి జైలుకెళ్తే దారి వేరు. ఆరేళ్లు నిండేవరకు బిడ్డను తనతో ఉంచుకోవచ్చని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఆ కేసులో ప్రతివాది మన రాష్ట్రమే! ఆరేళ్లు దాటాక తల్లి కోరిన మనిషికి అప్పగించాలి, లేదా సంస్థలో చేర్చాలి. తల్లో తండ్రో జైల్లో ఉన్న పిల్లలు ఫోస్టర్ కేర్‌కు, అంటే కొంతకాలం వేరే కుటుంబంలో పెరగడానికి, అర్హులని 2016 నాటి కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. అయితే ఎవరికివ్వాలో తల్లి నోటిమాటగా చెబితే సరిపోదు. జైలు అధికారి ధ్రువీకరించిన ఉత్తరం ఉంటే ఇలాంటి పిల్లల బాధ్యత ఎవరికివ్వాలో తేల్చే బాలల సంక్షేమ సమితి ముందు పని తేలికవుతుంది. రాయలేని తల్లి న్యాయసేవాధికార సంస్థ వాళ్లతో రాయించుకోవచ్చు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అది ఉచితం. శిక్షపడి రాజమహేంద్రవరం మహిళా జైలుకు పంపారంటే శ్రీకాకుళం నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. తల్లి దగ్గర్లో ఉన్నప్పుడే ఆ ఉత్తరం మీద సంతకం తీసుకోవడం మంచిది.

సమితి విచారణకు చట్టంలో గడువు నాలుగు నెలలు. డబ్బు మంజూరు కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ చేతిలో ఉంది. మరి అందాకా? అమ్మమ్మనో మేనత్తనో ‘తగిన వ్యక్తి’గా గుర్తించి బిడ్డను తాత్కాలికంగా అప్పగించమని సమితిని మొదటిరోజే రాతపూర్వకంగా అడగాలి. బంధువులెవరూ ముందుకు రాకపోతే అప్పుడు ఫోస్టర్ కుటుంబం. ఇదంతా తెలియక పిల్లల్ని హాస్టల్లో చేర్చి చేతులు దులుపుకుంటున్నారు. హాస్టలు చెడ్డదని కాదు, సంక్రాంతికి దానికి తాళం పడుతుంది. భోగి ముందురోజు ట్రంకు పెట్టెతో గేటు దగ్గర నిలబడ్డ పిల్ల ఎవరింటికెళ్లాలి?

ఇంకో మాట. మన ప్రాంతంలో ‘పెంపకానికివ్వడం’ అంటే దత్తతే అనుకుంటారు, అందుకే తల్లులు భయపడతారు. ఫోస్టర్ కేర్‌లో తల్లి హక్కు ఎక్కడికీ పోదు. బిడ్డను శాశ్వతంగా వదులుకునే ‘సరెండర్’ కాగితం మాత్రం వేరు. దాని మీద సంతకం పెడితే మనసు మార్చుకోవడానికి ఉండేది 60 రోజులే. చదివించుకుని, అర్థమయ్యాకే చెయ్యి పెట్టాలి. ఇక వంద రూపాయల స్టాంపు కాగితం మీద బిడ్డను రాసిచ్చేయడం చట్టం ముందు చెల్లదు.

మా విన్నపం ఒక్కటే. తల్లిని అరెస్టు చేసే పోలీసులు, డయాలసిస్ యూనిట్లు, రోగిని విశాఖ కేజీహెచ్‌ పెద్దాసుపత్రికి రాసి పంపే ఆసుపత్రులు, అందరూ ఒక ప్రశ్న అడగాలి: ‘ఇంట్లో పద్దెనిమిదేళ్లలోపు పిల్లలున్నారా, ఈ రాత్రి ఎవరి దగ్గర పడుకుంటారు?’ జవాబు లేకపోతే అక్కడి నుంచే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయాలి.

— బాలల హక్కుల కార్యకర్తలు, పలాస